లేని బ్యాండు పాడిన పాట

అందరికీ నమస్కారం. పాత పాటల మీద మాట్లాడమని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఏ పాట గురించైనా మాట్లాడవచ్చన్నారు కాబట్టి నేను ఆర్చీస్ అనే అమెరికా బ్యాండును ఎంచుకున్నాను. ఆర్చీస్ అనగానే మనలో చాలామందికి గ్రీటింగ్ కార్డుల షాపు గుర్తొస్తుంది. అది మన దేశపు కంపెనీ. ఇది వేరే కథ.

1969 సెప్టెంబరు 20వ తేదీతో మొదలుపెడతాను. అమెరికాలో బిల్‌బోర్డ్ అని ఒక పత్రిక ఉంది. ఏ పాట రికార్డులు ఎన్ని అమ్ముడయ్యాయి, రేడియోలో ఏది ఎక్కువ మోగింది అని చూసి వారం వారం వంద పాటల పట్టిక వేస్తుంది. అంతకు ముందు నాలుగు వారాలు ఆ పట్టికలో మొదటి స్థానం రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటన్ బ్యాండుది. ఆ వారం వాళ్లను దించి 'షుగర్, షుగర్' అనే పాట పైకెక్కింది. అప్పటి రోజులు ఎలాంటివో ఒకసారి గుర్తు చేసుకోండి. జులైలో మనిషి చంద్రుడి మీద దిగాడు. ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి లక్షల మంది కుర్రకారు వెళ్లి వానలో, బురదలో కూర్చుని పాటలు విన్నారు. వియత్నాంలో యుద్ధం నడుస్తోంది, దాని మీద వీధుల్లో నిరసనలు జరుగుతున్నాయి. పాట అంటే తిరుగుబాటు అని ఒక తరం మొత్తం నమ్ముతున్న సమయం. అలాంటప్పుడు మొదటి స్థానంలోకి వచ్చిన బ్యాండులో మనుషులే లేరు. ఆ ఐదుగురూ కార్టూన్ బొమ్మలు.

నాలుగు వారాలు ఆ పాట అక్కడే ఉంది. బ్రిటన్‌లో అయితే ఎనిమిది వారాలు. ఏడాది చివర బిల్‌బోర్డ్ 1969 మొత్తానికి లెక్క వేస్తే మొదటి పాట మళ్లీ ఇదే. బీటిల్స్, స్టోన్స్, మోటౌన్ అనే రికార్డు కంపెనీ కళాకారులు అందరూ పాడుతున్న ఏడాదిలో ఇది జరిగింది.

ఆ బొమ్మలు అప్పుడు కొత్తగా పుట్టినవేం కాదు. ఆర్చీ ఆండ్రూస్ అనే ఎర్రజుట్టు కుర్రాడు 1941 డిసెంబరు తేదీతో వచ్చిన 'పెప్ కామిక్స్' 22వ సంచికలో మొదటిసారి కనిపించాడు. బొమ్మలు గీసినవాడు బాబ్ మోంటానా. పక్కనే బెట్టీ, వెరోనికా, జగ్‌హెడ్, రెగ్గీ. రివర్‌డేల్ అనే ఊరు, ఒక హైస్కూలు. హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసినవాళ్లకు ఈ ముఖాలు బాగా పరిచయం. 2023లో జోయా అఖ్తర్ ఆ పాత్రలను తీసుకుని, 1964 నాటి ఆంగ్లో ఇండియన్ల ఊరుగా మార్చి హిందీలో సినిమా తీశారు. ఈ తరం పిల్లలకు అలా తెలిసింది. అయితే ఈ బొమ్మల పిల్లలు గిటారు పట్టుకోవడం వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. ఆయన పేరు డాన్ కిర్ష్నర్.

కిర్ష్నర్ పాడలేడు, వాయించలేడు. ఏ పాట జనానికి పడుతుందో చెప్పగలడు. 1958లో ఆల్ నెవిన్స్‌తో కలిసి ఆల్డన్ మ్యూజిక్ అనే సంస్థ పెట్టాడు. న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఒక భవనంలో చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక పియానో, ఒక పాట రాసే జంట. క్యారల్ కింగ్, జెర్రీ గాఫిన్, నీల్ సెడాకా, హోవర్డ్ గ్రీన్‌ఫీల్డ్, బ్యారీ మాన్, సింథియా వైల్ ఆ గదుల్లో కూర్చుని రాసినవాళ్లే. అందరూ ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న కుర్రవాళ్లు. ఒకరు రాయడం, మరొకరు పాడడం అక్కడి పద్ధతి. మద్రాసులో మన సినిమా పాట తయారైన పద్ధతికి ఇది చాలా దగ్గర.

బీటిల్స్ వచ్చాక ఈ పద్ధతి పాతబడింది. బ్యాండు అంటే తన పాట తానే రాసుకోవాలి, తానే వాయించుకోవాలి, తానే పాడాలి అనే పట్టింపు మొదలైంది. ఆ పట్టింపుతో కిర్ష్నర్‌కు మొదటి దెబ్బ తగిలింది మంకీస్ దగ్గర. 1966లో ఎన్‌బీసీ టీవీలో ఒక సీరియల్ కోసం నలుగురు కుర్రాళ్లను ఎంపిక చేసి మంకీస్ అని పేరు పెట్టారు. పాటల బాధ్యత కిర్ష్నర్‌ది. ఆయన మంచి రచయితలతో పాటలు రాయించి, స్టూడియో వాద్యకారులతో వాయించి, ఈ నలుగురితో గొంతు మాత్రం ఇప్పించాడు. రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి. కానీ కుర్రాళ్లకు మండింది. వాళ్లలో మైక్ నెస్మిత్, పీటర్ టోర్క్ నిజంగా వాయించగలిగినవాళ్లు. 1967 జనవరిలో వాళ్ల రెండో ఎల్పీ, అంటే చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు, వాళ్లకే తెలియకుండా మార్కెట్లోకి వచ్చేసింది. బెవర్లీ హిల్స్ హోటల్లో మాటా మాటా పెరిగి నెస్మిత్ గోడను పిడికిలితో గుద్దాడు. కొద్ది వారాల్లోనే కిర్ష్నర్ ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

'షుగర్, షుగర్' పాటనే మంకీస్‌కు ఇవ్వబోతే వాళ్లు కాదన్నారని, గోడ గుద్దింది అందుకేనని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ తేదీలు కలవవు. ఆ పాటను జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్ రాసింది ఆర్చీస్ కోసం. అది గోడ గొడవ జరిగిన దాదాపు రెండేళ్లకు. ఈ కథ ఎక్కడైనా చదివితే నమ్మకండి.

కిర్ష్నర్ మాత్రం ఆ గొడవ నుంచి ఒక పాఠం తీసుకున్నాడు. బొమ్మలైతే ఎదురు చెప్పవు. జీతం పెంచమనవు, మా పాటలు మేమే రాసుకుంటామనవు. అదే సమయంలో ఫిల్మేషన్ అనే కార్టూన్ సంస్థ ఆర్చీ కామిక్స్‌ను టీవీకి తెస్తోంది. 1968 సెప్టెంబరు 14న, శనివారం ఉదయం, సీబీఎస్ టీవీలో 'ది ఆర్చీ షో' మొదలైంది. ఆర్చీ గిటారు, రెగ్గీ బేస్, జగ్‌హెడ్ డ్రమ్స్, వెరోనికా కీబోర్డు, బెట్టీ టాంబరిన్. మధ్యలో ఒక డాన్సు నేర్పేవాళ్లు, ఆ వెంటనే ఒక పాట.

అమెరికాలో శనివారం ఉదయం అంటే పిల్లల సమయం. అమ్మానాన్నలు నిద్ర లేచేలోపు పిల్లలు టీవీ ముందు కూర్చునేవాళ్లు. రికార్డుల వ్యాపారంలో ఆ రోజుల్లో జరిగిన మార్పు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాలేజీ కుర్రాళ్లు చిన్న రికార్డులు వదిలేసి ఎల్పీలు కొనడం మొదలుపెట్టారు. వాళ్ల పాటలు పొడుగయ్యాయి, బరువెక్కాయి, ఎఫ్ఎం రేడియోకు చేరాయి. ఏడంగుళాల చిన్న రికార్డు, రెండు మూడు నిమిషాల పాట, ఏఎం రేడియో, ఇవన్నీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మిగిలాయి. ఎనిమిది నుంచి పన్నెండు పదమూడేళ్ల పిల్లలు. పాకెట్ మనీతో ఒక చిన్న రికార్డు కొనగలిగిన పిల్లలు. వాళ్ల కోసం ఎవరు పాడాలి?

ఆ ఖాళీని మొదట చూసింది జెర్రీ కాసెనెట్జ్, జెఫ్ కాట్జ్ అనే ఇద్దరు కుర్ర నిర్మాతలు. బుద్దా రికార్డ్స్‌లో నీల్ బోగార్ట్ వాళ్లకు తోడు. 1968లో 1910 ఫ్రూట్‌గమ్ కంపెనీ పాడిన 'సైమన్ సేస్', ఒహాయో ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చిన 'యమ్మీ యమ్మీ యమ్మీ', రెండూ బిల్‌బోర్డ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాయి. మొదటిది పిల్లల ఆటను పాటగా మార్చింది, రెండోది తిండి మాటలతో ప్రేమ చెప్పింది. ఈ రకానికి బబుల్‌గమ్ సంగీతం అని పేరు పడింది. ఒహాయో ఎక్స్‌ప్రెస్ పాటలో గొంతు జోయీ లెవిన్‌ది. ఊళ్లు తిరిగి కచేరీలు చేసిన ఒహాయో ఎక్స్‌ప్రెస్ కుర్రాళ్లలో ఆయన లేడు. అంటే గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. ఆర్చీస్ వచ్చేసరికి ఆ ముఖం కూడా అక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వద్దాం, స్టూడియోలోకి. కిర్ష్నర్ పాటలు చేయించడానికి జెఫ్ బ్యారీని పెట్టుకున్నాడు. ఎల్లీ గ్రీన్‌విచ్‌తో కలిసి 'బీ మై బేబీ' లాంటి పాటల్లో చేయి ఉన్నవాడు, చేయి తిరిగినవాడు. ఆండీ కిమ్ మాంట్రియల్‌లో లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన కుర్రాడు. ఆర్చీ గొంతు కోసం దొరికినవాడు రాన్ డాంటే. న్యూయార్క్ స్టూడియోల్లో డెమోలు (కొత్త పాట ఎలా ఉంటుందో చూపించే నమూనా రికార్డులు), ప్రకటనల పాటలు పాడుకుని బతికేవాడు. కొన్నేళ్ల ముందు డిటర్జెంట్స్ అనే బృందంలో ఈ డాంటేయే ఒక పేరడీ పాడాడు. ఆ పేరడీ ఎవరి పాట మీదో తెలుసా? జెఫ్ బ్యారీ భాగం పంచుకున్న 'లీడర్ ఆఫ్ ద ప్యాక్' మీద. అది కోర్టు దాకా వెళ్లింది. అలాంటి డాంటేతో అదే బ్యారీ ఆర్చీ పాటలన్నీ పాడించాడు. మంచి గొంతు ముందు పాత తగాదా నిలవలేదు.

ఆడ గొంతు టోనీ వైన్‌ది. పదిహేడు పద్దెనిమిదేళ్లకే 'ఎ గ్రూవీ కైండ్ ఆఫ్ లవ్' అనే పాటను క్యారల్ బేయర్‌తో కలిసి రాసిన అమ్మాయి. తెర మీద బెట్టీ, వెరోనికా ఇద్దరు. స్టూడియోలో ఆ ఇద్దరూ టోనీ వైనే. మన దగ్గర ఒకే సినిమాలో ఇద్దరు నాయికలకు సుశీలగారే పాడిన సందర్భాలు ఉన్నాయి కదా, అలాగే.

పాటలో ఏముంది అంటే, చాలా తక్కువ ఉంది. ఎక్కువ భాగం రెండు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మధ్యే ఊగుతుంది, అవసరమైన చోట మూడోది వచ్చి చేరుతుంది. చప్పట్లు. గుండ్రంగా తిరిగే ఒక చిన్న కీబోర్డు మెలిక. డాంటే అరవడు, గొంతు చించుకోడు. పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పినట్టు గాలి కలిపి మెత్తగా పాడతాడు. చివర్లో టోనీ వైన్ ఒక్క వాక్యం అందుకుంటుంది చూడండి, పాట మొత్తం అక్కడ లేచి నిలబడుతుంది. పిల్లల పాట కదా అని ఎవరూ చేతులు దులుపుకోలేదు. వాయించినవాళ్లు న్యూయార్క్‌లో పొద్దున ఒక స్టూడియోలో, సాయంత్రం ఇంకో స్టూడియోలో పెద్ద పెద్ద గాయకులకు వాయించే అసలైన పనివాళ్లు. తక్కువ సరుకుతో మూడు నిమిషాలు విసుగు లేకుండా నడపడం ఎంత కష్టమో పాట కట్టినవాళ్లకు తెలుసు.

మొదటి పాట 'బ్యాంగ్ షాంగ్ ఎ లాంగ్' 1968లో 22వ స్థానం దాకా వెళ్లింది. రెండోది 53 దగ్గర ఆగింది. 1969 మేలో వచ్చిన మూడోది 'షుగర్, షుగర్'. రేడియో వాళ్లకు కార్టూన్ బ్యాండు అంటే చులకన, రికార్డు మీద పేరు చూసి పక్కన పెట్టేవాళ్లు. అందుకని లేబుల్ తీసేసి, ఎవరు పాడారో చెప్పకుండా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక స్టేషన్‌లో వేయించారని, ఫోన్లు మోగిపోయాయని కిర్ష్నర్ వర్గం చెప్పుకునేది. ఏదేమైనా పాట నెమ్మదిగా ఎక్కింది. మేలో వచ్చిన పాటకు మొదటి స్థానం అందడానికి సెప్టెంబరు పట్టింది. బిల్‌బోర్డ్ వందలో 22 వారాలు నిలిచింది.

ఆ శరదృతువులో ఇంకో విశేషం జరిగింది. కఫ్ లింక్స్ అనే మరో బృందం పాట 'ట్రేసీ' తొమ్మిదో స్థానానికి వచ్చింది. ఆ బృందం కూడా లేదు. అందులో వినిపించే గొంతులన్నీ రాన్ డాంటేవే, ఒకదాని మీద ఒకటి పేర్చి రికార్డు చేశారు. అంటే ఒకే సమయంలో అమెరికా మొదటి పది పాటల్లో రెండింటిలో ఒకడే పాడుతున్నాడు. దేశంలో ఎవరికీ అతని ముఖం తెలియదు, పేరు తెలియదు.

ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను. ఆర్చీస్ మీద ఆనాటి విమర్శకులు వేసిన నింద, ఇది దొంగ బ్యాండు అని. తెర మీద ఉన్నవాళ్లు పాడలేదు కాబట్టి మోసం అని. ఈ నింద తెలుగువాళ్లకు అర్థం కావడం కష్టం. మనం పెరిగిందే ప్లేబ్యాక్‌లో. తొలి టాకీల్లో నటులే పాడుకున్నారు. తర్వాత తెర మీద రామారావుగారు పెదవి కదిపితే ఘంటసాలగారు వినిపించారు, నాగేశ్వరరావుగారు కదిపినా ఘంటసాలగారే వినిపించారు. బాలసుబ్రహ్మణ్యంగారు అల్లు రామలింగయ్యగారికి పాడితే ఆ గొంతులో అల్లు రామలింగయ్యగారే కనిపించేవారు. అది మోసమని ఎవరికీ తోచలేదు, పైగా దాన్నొక కళగా మెచ్చుకున్నాం. కాబట్టి గొంతు ఒకరిది, రూపం ఒకరిది కావడంలో తప్పేమీ లేదని నేను గట్టిగా అంటాను. డాంటే ఆర్చీ కోసం ఒక గొంతు కట్టాడు. అది నటన, సంగీతం రెండూ కలిసిన పని.

తప్పు వేరే చోట ఉంది. రికార్డు మీద పాడినవాళ్లుగా 'ది ఆర్చీస్' అని మాత్రమే వేశారు. రాన్ డాంటే పేరు లేదు. టోనీ వైన్ పేరు లేదు. మన దేశంలో కూడా ఇలాంటిదే జరిగింది. 1949లో 'మహల్' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన 'ఆయేగా ఆనేవాలా' రికార్డు మీద గాయని పేరుగా 'కామిని' అని వేశారు. అది సినిమాలో పాత్ర పేరు. ఎవరీ కామిని అని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాశాక లత పేరు బయటికి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడ రికార్డుల మీద గాయకుల పేర్లు వేయడం స్థిరపడింది. ఘంటసాల, సుశీల, లీల అని మనం పేరు పేరునా చెప్పుకోగలుగుతున్నాం అంటే దాని వెనక అలాంటి శ్రోతలు ఉన్నారు. అమెరికాలో ఆర్చీ కోసం ఆ ఉత్తరాలు ఎవరూ రాయలేదు. పిల్లలకు ఆర్చీ పాడుతున్నాడు, అంతే. పెద్దలకు ఈ పాట అంటే లెక్క లేదు. ఈ రెండింటి మధ్యలో గాయకులు కనబడకుండా పోయారు. కిర్ష్నర్‌కు కావలసింది కూడా అదే. పేరు లేని గాయకుడిని మార్చడం సులువు. 1970లో టోనీ వైన్ వెళ్లిపోతే ఇంకో గొంతును తెచ్చుకున్నారు, తెర మీద బెట్టీ, వెరోనికా మారలేదు.

పాటను తేలిగ్గా తీసుకోనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు విమర్శకులు కాదు, గాయకులు. 1970లో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ 'షుగర్, షుగర్' పాడాడు. నల్లజాతి శ్రోతల ఆర్ అండ్ బీ పట్టికలో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. అదే ఏడాది జమైకాలో బాబ్ మార్లీ, ఆయన బృందం వేలర్స్ కూడా దీన్ని రికార్డు చేశారు. తర్వాతి కాలంలో ప్రపంచం మొత్తం తిరుగుబాటు గొంతుగా చూసిన బాబ్ మార్లీ! పాటలో ఎముక లేకపోతే ఇలాంటివాళ్లు దాన్ని ముట్టుకుంటారా?

ఇక మిగతా ప్రయాణం త్వరగా చెబుతాను. 'జింగిల్ జాంగిల్' పదో స్థానం, 'హూస్ యువర్ బేబీ' నలభై, 'సన్‌షైన్' 57. పోస్ట్ కంపెనీ అల్పాహారం పెట్టెల వెనక అట్ట మీదే ఆర్చీస్ పాటలు అచ్చొత్తారు. పిల్లలు కత్తెరతో కత్తిరించి గ్రామఫోను మీద పెట్టుకునేవాళ్లు. అంటే రికార్డు కొనలేని పిల్లవాడికి కూడా పాట ఇంటికి వచ్చింది. ఈ అట్ట రికార్డులను ఇప్పటికీ దాచుకున్నవాళ్లు ఉన్నారు.

సీబీఎస్‌లో ఫ్రెడ్ సిల్వర్‌మన్ అనే అధికారి ఆర్చీ విజయం చూసి, పాటలు పాడే కుర్రాళ్ల బృందంతో ఇంకో కార్టూన్ కావాలని హన్నా బార్బెరా అనే కార్టూన్ సంస్థను అడిగాడు. మార్పులూ చేర్పులూ జరిగి పాటల బృందం పోయి, దెయ్యాల గుట్టు విప్పే పిల్లలూ ఒక కుక్కా మిగిలారు. అదే 'స్కూబీ డూ'. మన పిల్లలు తెలుగులో చూసి నవ్వుకున్న స్కూబీకి ఆర్చీస్‌తో చుట్టరికం ఇదీ. 1970లో అదే సంస్థ 'జోసీ అండ్ ద పుస్సీక్యాట్స్' తెచ్చింది, అది కూడా ఆర్చీ కామిక్స్ నుంచే. మన కాలానికి వస్తే గొరిల్లాజ్ అనే కార్టూన్ బ్యాండు, జపాన్‌లో హత్సునే మికు అనే కంప్యూటర్ గాయని బొమ్మ. బొమ్మ పాడడం ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచదు. గొరిల్లాజ్ వెనక డేమన్ ఆల్‌బార్న్ అనే గాయకుడు ఉన్నాడని అందరికీ తెలుసు. పేరు తెలిసినా బొమ్మల మీద ఇష్టం తగ్గలేదు. అప్పుడు ఆర్చీస్ రికార్డు మీద కూడా రెండు పేర్లు వేసి ఉంటే ఏ పిల్లవాడికీ నష్టం జరిగేది కాదు.

ఆండీ కిమ్ 1974లో 'రాక్ మీ జెంట్లీ'తో సొంత పేరు మీద మొదటి స్థానం అందుకున్నాడు. కిర్ష్నర్ 1970లలో టీవీలో రాక్ కచేరీలు నడిపి, 2011లో కన్నుమూశాడు. రాన్ డాంటే బ్యారీ మానిలో పాటలకు నిర్మాతగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తర్వాత వేదికల మీద నిలబడి, తన సొంత పేరుతో, తన ముఖంతో 'షుగర్, షుగర్' పాడాడు. జనం ఆ మొదటి చప్పట్లకే లేచి పాడతారు.

ఇప్పుడు రెండు రికార్డులు వేస్తాను. ముందు ఆర్చీస్, తర్వాత విల్సన్ పికెట్. మొదటిదాంట్లో చివరికి వచ్చేసరికి ఆడ గొంతు వస్తుంది, అది టోనీ వైన్. మగ గొంతు రాన్ డాంటే. విన్న తర్వాత ప్రశ్నలు అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.